అప్‌డేట్: డెండ్రిమర్‌కి ఎస్‌డీఎస్ అంటుకోని సమస్య తీరింది

నాలుగో తరం పామామ్ డెండ్రిమర్ (చెట్టు కొమ్మల్లా చీలుతూ పెరిగే పెద్ద అణువు) చుట్టూ ఎస్‌డీఎస్ (తల మీద నెగటివ్ ఛార్జ్ ఉండే సబ్బులాంటి పదార్థం) వేసి గ్రోమాక్స్‌లో (అణువుల కదలికని కంప్యూటర్లో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్) నడిపితే, ఎస్‌డీఎస్ అణువులు డెండ్రిమర్‌కి అంటకుండా నీళ్లలో విడిగా గుంపు కడుతున్నాయని అడిగాను కదా, తీరింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

"టోపాలజీ ఫైల్లో (ఏ పరమాణువుకి ఎంత ఛార్జ్ లాంటివి రాసి ఉండే ఫైల్) డెండ్రిమర్ ఛార్జీలు కూడి చూడండి" అన్న సలహాయే పనిచేసింది. మొత్తం సున్నా వచ్చింది! నెట్‌లో దొరికిన ఆ ఫైల్లో కొమ్మల చివరి అమీన్లకి (నైట్రోజన్ ఉన్న గుంపులకి) పాజిటివ్ ఛార్జ్ ఇచ్చే అదనపు ప్రోటాన్లు లేవు. పీహెచ్ 7 దగ్గర ఆ 64 అమీన్లకీ ప్రోటాన్ ఉండాలి, అంటే +64. లోపల కొమ్మలు చీలే చోట ఉండే 62 టెర్షియరీ అమీన్లు ఎక్కువగా ఆమ్లంలోనే ఛార్జ్ అవుతాయి కాబట్టి వాటిని ముట్టుకోలేదు. ఎస్‌డీఎస్‌కి సరిపడా సోడియం అయాన్లు ఉండటంతో సిస్టమ్ మొత్తం ఛార్జ్ సున్నాగానే ఉంది, అందుకే గ్రోమాక్స్ నుంచి హెచ్చరిక రాలేదు. డెండ్రిమర్ +64ని సరితూచడానికి నెగటివ్ క్లోరైడ్లు కావాలి కాబట్టి, ఇలా ఎస్‌డీఎస్‌కి సరిపడా సోడియం ఉండి, వేరే ఉప్పు కలపని మీ బాక్సులో క్లోరైడ్ ఒక్కటీ కనిపించకపోతే వెంటనే అనుమానించండి.

ఛార్జీలు సరిచేసి 64 క్లోరైడ్లు కలిపాక ఎస్‌డీఎస్ సల్ఫేట్ తలలు డెండ్రిమర్‌కి అతుక్కున్నాయి, తోకలు పక్కపక్కన చేరి గుత్తులు కట్టాయి. చూస్తుంటే ఎంత సంతోషంగా ఉందో!

బాక్స్ సైజు, థర్మోస్టాట్ (ఉష్ణోగ్రతని నిలిపే సెట్టింగ్) మార్చడం వల్ల ఒరిగిందేమీ లేదు. మా అమలాపురంలో వాన గట్టిగా పడితే కరెంటు పోతుంది, రన్ మధ్యలో ఆగినందుకే పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. దానికీ సంబంధం లేదు, మధ్యమధ్యలో రన్ స్థితిని దాచే చెక్‌పాయింట్ ఫైల్ నుంచి సరిగ్గానే కొనసాగింది.