'వద్దు' అన్నాక రెండుసార్లు రిబటల్ చెప్పాల్సిందేనా?

హెడ్‌సెట్:
ఇన్సూరెన్స్ టెలీసేల్స్ ఫ్లోర్లలో పనిచేసేవాళ్ళని అడుగుతున్నాను. కాల్స్‌కి మార్కులు వేసే క్వాలిటీ షీట్‌లో రిబటల్‌కి, అంటే వద్దన్న కస్టమర్‌ని ఒప్పించడానికి చెప్పే జవాబుకి, విడిగా మార్కులుంటాయి. కస్టమర్ వద్దన్నాక కనీసం రెండుసార్లు తిప్పి చెప్పకుండా కాల్ పెట్టేస్తే ఆ మార్కులు పోతాయి, నెలాఖరులో ఇన్సెంటివ్ కూడా తగ్గుతుంది. ఆ లైను తీసేయాలంటాను. స్క్రిప్టు హిందీలోనో ఇంగ్లీషులోనో రాసి తెలుగులోకి దించుతారు. అందులో 'ఆలోచించి చెప్తాను' అంటే సందేహం కింద లెక్క, వెంటనే తర్వాతి రిబటల్ చదవాలి. మనవాళ్ళు మొహమాటపడి 'చూద్దాం అండీ' అంటారు. అది వద్దనడమే. దాని మీద రెండుసార్లు ఒత్తితే మూడోసారి వచ్చేది తిట్టే. ఆ తిట్టు తినేది కాలర్.

ఫ్లోర్_టీఎల్:
ఒప్పుకోను. మొదటి 'వద్దు' పాలసీకి కాదు, కాల్‌కి. నంబర్లకి తనంతట తానే కాల్ కొట్టే సాఫ్ట్‌వేర్, ప్రెడిక్టివ్ డయలర్, ఎలా పనిచేస్తుందో చూడండి. పేసింగ్ 2 పెడితే 10 మంది ఖాళీగా ఉన్నప్పుడు 20 నంబర్లకి కొడుతుంది. కస్టమర్ ఎత్తి 'హలో' అన్నాక అది మనిషా, రికార్డింగా అని సాఫ్ట్‌వేర్ తేల్చుకుని అప్పుడు లైను కాలర్‌కి ఇస్తుంది. ఈలోపు రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం. 'హలో, హలో' అని విసిగిన మనిషి మన గొంతు వినగానే 'వద్దు' అంటాడు. మనం ఏం అమ్ముతున్నామో కూడా ఆయనకి తెలీదు. అక్కడ పెట్టేస్తే రోజంతా డయల్స్ ఉంటాయి, సేల్ ఉండదు. రిబటల్ అంటే బతిమాలడం కాదు, విషయం ఒక్క వాక్యంలో చెప్పడం.

కృష్ణలంక:
కొనేవాళ్ళ వైపు నుంచి ఒక్క మాట. వద్దంటే వద్దే. అమ్మకం కాల్స్ అన్నీ ఆపించడానికి 1909కి 'స్టార్ట్ 0' అని మెసేజ్ పెట్టుకోండి అందరూ.

నియమావళి:
అమ్మకం కాల్ 140తో మొదలయ్యే నంబర్ నుంచే రావాలి. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు సర్వీసు కాల్స్‌కి 1600 సిరీస్ వాడాలి. 140 చూడగానే జనం ఎత్తడం లేదని మామూలు 10 అంకెల సిమ్ములతో చేయిస్తున్నారు కొందరు. 2024 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం రిజిస్టర్ కాని టెలీమార్కెటర్ ఇలా చేస్తే లైన్లన్నీ కట్ చేసి, రెండేళ్ళ దాకా బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. ముందు ఈ సంగతి తేల్చండి, రిబటల్ తర్వాత.

ఫ్లోర్_టీఎల్:
మాది 140 లైనే. ఇక్కడ ప్రశ్న అది కాదు.

నియమావళి:
నంబరే సరిగ్గా లేనిచోట మర్యాద గురించి మాట్లాడి ఏం లాభం? అందుకే అడిగాను.

క్వాలిటీ_చెవి:
ఆడిట్ వైపు నుంచి చెబుతాను. 'వద్దు' అన్నీ ఒకటి కావు. 'డ్రైవింగ్‌లో ఉన్నా' అంటే కాల్‌బ్యాక్, టైము అడిగి రాయాలి. 'ఇంట్లో అడగాలి' అంటే ఇద్దరూ ఉండే సమయం అడగాలి. 'ఇప్పటికే పాలసీ ఉంది' అన్నదానికి మాత్రమే నిజంగా రిబటల్ పనికొస్తుంది. అది టర్మ్ పాలసీనా, పొదుపు పాలసీనా, కవరేజీ ఎంత అని ఒక్క ప్రశ్న చాలు. 'మళ్ళీ చేయకండి' అంటే అదే నిమిషంలో డీఎన్‌సీ, అంటే 'ఇక కాల్ చేయొద్దు' అనే గుర్తు, కొట్టి వదిలేయాలి.

అసలు పాడయ్యేది ఇక్కడే. డీఎన్‌సీ కొడితే ఆ లీడ్, అంటే ఆ కస్టమర్ నంబరు, శాశ్వతంగా పోతుంది, ఎందుకు పోయిందో టీఎల్‌కి, అంటే టీమ్ లీడర్‌కి, జవాబు చెప్పుకోవాలి. అందుకని కాలర్ ఆర్‌ఎన్‌ఆర్ కొట్టేస్తాడు, అంటే రింగైంది ఎత్తలేదు అని. ఆర్‌ఎన్‌ఆర్ లీడ్‌ని డయలర్ రెండు మూడు గంటల్లో మళ్ళీ తిప్పుతుంది. పొద్దున వద్దన్న మనిషికి మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఇంకొకటి, ప్రతిసారీ కొత్త గొంతు. నాలుగో కాలర్ మీద ఆయన అరిస్తే 'కస్టమర్ మంచివాడు కాదు' అనుకుంటాం. తప్పు మొదటి కాలర్ నొక్కిన బటన్‌ది. 20 సెకన్లకి మించి మాట్లాడిన కాల్ ఆర్‌ఎన్‌ఆర్ కింద పడిందా అని రిపోర్టులో రోజూ వడపోస్తే చాలు, పట్టుబడుతుంది. ఈ వడపోత చేసే ఫ్లోర్లు తక్కువ.

ఫ్లోర్_టీఎల్:
'చూద్దాం' అంటే వద్దనే అని హెడ్‌సెట్ గారు ఎలా తేల్చారు? పాలసీ తీసుకున్నవాళ్ళూ ముందు 'చూద్దాం' అన్నవాళ్ళే.

మల్కాజిగిరి:
అన్నా, మా దిక్కు 'మల్ల జెప్త' అంటరు. మల్ల జెప్పుడుండదు, ఫోనెత్తుడుండదు. గొంతుల తెలుస్తది. 'ప్రీమియం ఎంత?' అని అడిగినంక 'చూద్దాం' అంటే ఆశ పెట్టుకోవచ్చు. ఏం అడగకుంట 'చూద్దాం' అంటే అయిపోయినట్టే.

ఫ్లోర్_టీఎల్:
గొంతుని షీట్‌లో ఎలా రాయాలి? కొలవలేనిదానికి మార్కులు వేయలేం. రెండు రిబటల్స్ అంటే లెక్క తేలుతుంది.

హెడ్‌సెట్:
లెక్క మీకు తేలుతుంది. 13వ నెలలో లెక్క ఎవరికి తేలుతుందో కూడా చెప్పండి. రెండో ఏడు ప్రీమియం కస్టమర్ కట్టకపోతే, గ్రేస్ 30 రోజులూ దాటాక, కాలర్‌కి ఇచ్చిన ఇన్సెంటివ్ వెనక్కి లాగుతారు. రెండో రిబటల్ చెప్పమన్నది మీరు. చెప్పకపోతే మార్కులు కోసింది మీరు. పాలసీ ఆగిపోతే క్లాబ్యాక్ నా జీతంలో.

ఫ్లోర్_టీఎల్:
టీఎల్‌కేదో ఊరికే వస్తున్నట్టు మాట్లాడకండి. టీమ్ పర్సిస్టెన్సీ, అంటే ఆగిపోకుండా కొనసాగే పాలసీల శాతం, పడితే నా ఇన్సెంటివ్ స్లాబ్ కూడా పోతుంది. ఫిక్స్‌డ్ జీతం చాలదనే కదా అందరం ఇన్సెంటివ్ చూసి ఈ పనికి వచ్చాం? 'వద్దు' వినగానే పెట్టేసేవాళ్ళు స్లాబ్ దాటరు. దాటినవాళ్ళని చూసి ఏడవడం ఎందుకు?

హెడ్‌సెట్:
ఏడుపు అన్నారు కాబట్టి సూటిగానే అడుగుతాను. స్లాబ్ ఎలా దాటుతున్నారో ఆ రికార్డింగులు మీరు విన్నారా?

క్వాలిటీ_చెవి:
నేను వింటాను, అదే నా పని. మొదటి రిబటల్‌లో సాధారణంగా స్క్రిప్టులో ఉన్నదే చెబుతారు. రెండోదానికి స్క్రిప్టు అయిపోతుంది. అబద్ధం దొర్లేది అక్కడ. 'ఐదేళ్ళు కట్టి ఆపేయొచ్చు' అంటారు. కాగితం మీద కట్టాల్సింది పదేళ్ళు, పాలసీ ఇరవయ్యేళ్ళు, మధ్యలో ఆపితే చేతికొచ్చేది సరెండర్ విలువే. 'మొదటి ప్రీమియంలో నా కమీషన్ మీకు తిరిగి ఇస్తా' అంటారు. అది 1938 బీమా చట్టం 41వ సెక్షన్ కింద నేరం, 10 లక్షల దాకా జరిమానా ఉంది. ఆ తర్వాత 'వెరిఫికేషన్ కాల్ వస్తుంది సార్, అన్నిటికీ అవును అనండి' అని నేర్పుతారు. దాంతో పాలసీ ఇచ్చేముందు చేసే పరిశీలన కాల్ ఉత్తుత్తిదైపోతుంది. తర్వాత కస్టమర్ ఫిర్యాదు చేస్తే 'అవును' అన్న రికార్డింగే ఆయనకి వినిపిస్తారు.

నియమావళి:
2024 నిబంధనల ప్రకారం పాలసీ పత్రం చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీలుక్, అంటే పాలసీ వద్దనుకుంటే వెనక్కి ఇచ్చే గడువు, ఉంది. ఆలోపు రాసిస్తే స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్ష ఖర్చు, ఆ రోజుల రిస్కు ప్రీమియం పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. ఫోన్లో కొన్నవాళ్ళు మొదటి పని పత్రంలో 'ప్రీమియం చెల్లింపు కాలం' గడి చూడాలి.

కృష్ణలంక:
ఈ ఒక్క గడి సంగతి కాల్‌లోనే చెబితే ఇంత గొడవ ఉండదు కదా.

ఫ్లోర్_టీఎల్:
చెబితే ఆ కాల్ అమ్ముడుపోదు, పక్క ఫ్లోర్ వాళ్ళు అమ్ముతారు. నేను అబద్ధాన్ని సమర్థించడం లేదు. ఆగస్టులో లేకపోతే సెప్టెంబరులో, టార్గెట్ తప్పిన టీమ్‌ని ఎత్తేస్తారు. అందులో 15 మంది ఇంటద్దెలున్నాయి. నా భయం అది.

హెడ్‌సెట్:
ఆ 15 మందిలో కాలర్లమూ ఉన్నాం. మీ భయం టీమ్ ఉంటుందా లేదా అని. నా భయం, నేను చెప్పని అబద్ధానికీ, చెప్పించిన అబద్ధానికీ కూడా నా జీతమే పూచీ అని. ఇదీ మన మధ్య ఉన్న తేడా. 'చూద్దాం' అంటే ఏమిటన్నది కాదు.

క్వాలిటీ_చెవి:
షీట్ వరకు నా చేతిలో ఉన్నది చెబుతాను. రిబటల్ 10 మార్కులుంటే, 4 మార్కులు ఎలాంటి 'వద్దు'నో పట్టుకున్నందుకు, 6 సరైన డిస్పోజిషన్, అంటే కాల్ ఎలా ముగిసిందో చెప్పే బటన్, కొట్టినందుకు ఇవ్వొచ్చు. రెండో రిబటల్ తప్పనిసరి కాదు. ప్రీమియం కట్టాల్సిన ఏళ్ళు తప్పు చెబితే ఫేటల్, మొత్తం కాల్ సున్నా. డయలర్ పేసింగ్ 1.2కి దించి, రికార్డింగ్ గుర్తింపు ఆపేస్తే నిశ్శబ్దమూ తగ్గుతుంది.

ఫ్లోర్_టీఎల్:
పేసింగ్ దించితే డయల్స్ బాగా తగ్గుతాయి. కాల్‌బ్యాక్‌లని కూడా డయల్స్ కింద లెక్కేస్తానంటే షీట్ మార్పుకి ఒప్పుకుంటాను. పైకి రాసి పంపుతాను.

మల్కాజిగిరి:
డీఎన్‌సీ కొడితే జవాబు జెప్పుడు బంద్ చేయమని గూడ రాయి అన్నా.

హెడ్‌సెట్:
రాయండి. కానీ టీఎల్ గారూ, షీట్ గురించి చెప్పారు, డయల్స్ గురించి చెప్పారు. క్లాబ్యాక్ గురించి ఇంకా ఏమీ చెప్పలేదు.