సమస్య: నదియె మాట యగుచు నడచె నిలను

నిర్వాహకుడు: ఒక నది పేరు ఇంగ్లీషులో ‘గమ్యం లేకుండా తిరగడం’ అనే క్రియగా స్థిరపడిందని నిఘంటువులో చూసి, ముచ్చటపడి ఈ పాదం ఇస్తున్నాను. సరస్వతీదేవిని ఆశ్రయించి గట్టెక్కే పూరణలకు ఈసారి మెప్పు దొరకదు.

పాదచారి:
వంకలెన్నొ తిరిగి వారిధిఁ జేరిన
గ్రీకు నాటి యేటి కీర్తి పెరిగి
యాంగ్లభాషఁ జేరి యలస నడకకెల్ల
నదియె మాట యగుచు నడచె నిలను

ఇంగ్లీషు క్రియ ‘మియాండర్’కు మూలమైన మయాండ్రోస్ నది నేటి టర్కీలో బ్యుయుక్ మెండెరెస్ పేరుతో ప్రవహించి, ప్రాచీన గ్రీకు నగరం మిలేటస్ శిథిలాలకు చేరువలో ఏజియన్ సముద్రంలో కలుస్తున్నది. మెలికలు తిరిగిన ప్రతిదానినీ ఆ నది పేరుతోనే పిలుస్తారని ప్రాచీన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. లాటిను మీదుగా ఆ పేరు 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది.

గురులఘువు: ‘నడకకెల్ల నదియె మాట’ అన్న అన్వయంతో సమస్యలోని అసంబద్ధత ఇట్టే తొలగిపోయింది. అయితే ‘అలస’ పొసగలేదు. మియాండర్‌లో ఉన్నది దిక్కు తప్పడమే గాని బద్ధకం కాదు. ఆ బద్ధకం, వీరు లోగడ పూరించిన ‘సాంటర్’ (తీరిగ్గా తిరగడం) అనే ఇంగ్లీషు మాటకు చెందినది. పుణ్యభూమికి పోతున్నామంటూ ఊరూరా తిరిగినవారి నుండి ఆ మాట పుట్టిందన్న అమెరికన్ రచయిత థోరో కథను అప్పుడు వీరు పద్యంలో నిజం చేసేశారు. నిఘంటుకారులు మాత్రం దానిని అంగీకరించరు. ఈసారి వ్యుత్పత్తి గట్టిది, విశేషణమే పాతది.

చాటుకవి:
గట్టువాసులెల్ల కలహించి వేయఁగ
దావ లోన నోడి దండుగిచ్చి
వాదులాడువారి వదనములందెల్ల
నదియె మాట యగుచు నడచె నిలను

ఒడ్డును కోసి సరిహద్దులు మార్చినప్పుడు మయాండ్రోస్ మీదే అభియోగం మోపేవారని చెప్పుకుంటారంటూ అదే స్ట్రాబో రాశాడు. పాదచారి గారు ఆ పుట దాకా నడవలేదు కాబోలు.

గురులఘువు: ‘మాట’ను పదం నుండి జనవాక్యానికి మళ్లించడం ఈ పూరణకు ప్రాణం.

పాదచారి: ప్రాణం సంగతి అటుంచితే, ‘దావా’ను ‘దావ’గా కుదించినందువల్ల చాటుకవి గారి నది న్యాయస్థానంలో గాక కార్చిచ్చులో ఓడిపోయింది. ‘వ్యాజ్యమందు నోడి వరహలిచ్చి’ అంటే యతీ నిలుస్తుంది, నదీ బతుకుతుంది.

చాటుకవి: సవరణ ఉదారమైనదే. కాని దండుగ నది పేర పడినా, సొమ్మును రేవు దాటేవారి సుంకం నుండి తీసేవారట. కాబట్టి ఆ వరహాలు లెక్కపెట్టింది నది కాదు, పాదచారులే.