అప్రైజల్‌లో 5కి 4, ఇంక్రిమెంట్ 4 శాతం: ప్రైవేటు ఆసుపత్రి నర్సులు ఎప్పుడు, ఏమని అడగాలి?

సిక్కోలు సిస్టర్ (ప్రశ్న):
శ్రీకాకుళం, విజయనగరం ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే స్టాఫ్ నర్సులందరి తరఫునా అడుగుతున్నాను. మార్చిలో అప్రైజల్ (ఏడాది పనితీరుకి మార్కులు వేసే) ఫారం ఇస్తారు, 5కి 4 వేస్తారు, ఏప్రిల్ జీతంలో 3 నుంచి 5 శాతం పెంచుతారు. 18,000 గ్రాస్ (కోతలకి ముందు జీతం) మీద అది 540 నుంచి 900 రూపాయలు. 3 వచ్చిన వాళ్లకీ దాదాపు అంతే వస్తుంది. నైట్ డ్యూటీలు, రిలీవర్ రాక చేసిన డబుల్ డ్యూటీలు, కొత్తగా చేరిన జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పిల్లలకి పని నేర్పడం, ఇవేవీ ఫారంలో కనబడవు. అడిగితే "ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రభుత్వం నుంచి బిల్లులు రాలేదు, బడ్జెట్ లేదు" అంటారు.
మార్కులకీ జీతానికీ నిజంగా సంబంధం ఉందా? మార్కులు నచ్చకపోతే ఏం రాయాలి? నర్సుకి ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదని ఎక్కడైనా ఉందా?

వార్డు ఇన్‌చార్జి, విజయనగరం:
సిస్టర్, సంబంధం చాలా తక్కువ. ఎందుకంటే డబ్బు ముందు తేలిపోతుంది, మార్కులు తర్వాత పడతాయి. వచ్చే ఏడాది జీతాల బడ్జెట్ చాలాచోట్ల జనవరి, ఫిబ్రవరిలోనే ఖాయమవుతుంది. మొత్తం మీద ఇంత శాతం అని అక్కడ రాసేశాక, మార్చిలో నర్సింగ్ సూపరింటెండెంట్ ఎన్ని మార్కులు వేసినా ఆ మొత్తాన్నే అటూ ఇటూ సర్దాలి. ఒకరికి 8 శాతం ఇస్తే ఇంకొకరికి సున్నా పడుతుంది. ఆ గొడవ ఎందుకని అందరికీ 4 వేసి, అందరికీ 4 శాతం ఇస్తారు. కాబట్టి అడగాల్సిన నెల డిసెంబరు. ఫారం చేతికొచ్చాక అడగడమంటే వండిన అన్నంలో ఎసరు పోయడమే.

ఇక ఫారం సంగతి. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో అప్రైజల్ పద్ధతి రాతపూర్వకంగా ఉండాలి, ఏ అంశాల మీద మార్కులు వేస్తారో చేరినప్పుడే ఉద్యోగికి చెప్పాలి. ఆ కాగితం హెచ్ఆర్ దగ్గర అడిగి తీసుకోండి. చాలా ఫారాల్లో సమయపాలన, ప్రవర్తన, యూనిఫాం, విధేయత అని ఉంటాయి. నర్సు చేసే అసలు పని అందులో ఉండదు. ఐసీయూ అయితే పడక పుండ్లు, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఇన్ఫెక్షన్లు, చేతుల శుభ్రత ఆడిట్, షిఫ్ట్ మారేటప్పుడు అప్పగింత అడగాలి. డయాలసిస్ యూనిట్ అయితే (ఉద్దానం కిడ్నీ జబ్బుల వల్ల శ్రీకాకుళం జిల్లాలో అవి చాలా ఉన్నాయి) ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో కలిపిన రక్తనాళం) సూది వేయడం, కాథెటర్ దగ్గర ఇన్ఫెక్షన్, నాలుగు గంటల సెషన్‌లో బీపీ పడిపోతే ఎంత త్వరగా పట్టుకున్నారు, ఆర్ఓ (శుద్ధి చేసిన) నీటి రికార్డు అడగాలి. ఒకే ఫారం అందరికీ ఇస్తే ఓపీలో కూర్చున్నవారికీ వెంటిలేటర్ చూసేవారికీ తేడా తెలియదు. ఫారం మార్చమని అడగడం జీతం పెంచమని అడగడం కంటే తేలిక, ఖర్చులేని పని కాబట్టి ఒప్పుకుంటారు కూడా.

అన్నిటికంటే హాని చేసేది ఇన్సిడెంట్ రిపోర్టు (జరిగిన పొరపాటు రాసిచ్చే కాగితం) రాస్తే మార్కులు కోయడం. మందు పొరపాటు రాసినవాళ్లకి 2, దాచినవాళ్లకి 4 పడితే మర్నాటి నుంచి ఎవరూ రాయరు. దాంతో అదే పొరపాటు ఇంకో వార్డులో ఇంకో పేషెంట్ మీద జరుగుతుంది. రిపోర్టు రాయడాన్ని మంచి మార్కుగా లెక్కించాలని మీటింగులో గట్టిగా పట్టుబట్టండి.

మీ వైపు నుంచి నెలకో పేజీ రాసి పెట్టుకోండి: ఏ వార్డు, ఎన్ని నైట్లు, ఎన్ని డబుల్ డ్యూటీలు, షిఫ్టుకి సగటున ఎంతమంది పేషెంట్లు, ఎవరికి ఓరియెంటేషన్ ఇచ్చారు, ఏ శిక్షణ పూర్తిచేశారు. బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ (గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే శిక్షణ) కార్డులు రెండేళ్లకే అయిపోతాయి, తేదీ కూడా రాయండి. పేషెంట్ పేరు, ఐపీ (ఆసుపత్రిలో చేరిక) నంబరు మాత్రం రాయొద్దు, కేస్ షీట్ ఫొటో అసలు తీయొద్దు. అది మీ ఉద్యోగం మీదికే వస్తుంది. మార్చిలో పై అధికారికి గుర్తుండేవి జనవరి, ఫిబ్రవరి సంగతులే. మిగతా పది నెలలు మీ కాగితం చెప్పాలి.

పేరోల్ లెక్కలు:
శాతం చూసి సంతోషించొద్దు, బాధపడొద్దు. పెంపు జీతంలో ఏ వరుసలో పడిందో చూడండి.

ఉదాహరణకి గ్రాస్ 18,000, అందులో బేసిక్, డీఏ కలిపి 12,000 అనుకుందాం. 900 పెరిగింది. అదంతా బేసిక్‌లో కలిస్తే పీఎఫ్ 12 శాతం అంటే 108, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 0.75 శాతం అంటే 7 పోయి, చేతికి 785 వస్తుంది. అదే 900 "స్పెషల్ అలవెన్స్"లో వేసి, దాని మీద పీఎఫ్ కోయకపోతే చేతికి 893. రెండోదే మేలనిపిస్తుంది. కానీ యాజమాన్యం కట్టాల్సిన 108 కూడా ఆగిపోతుంది. నెలకి 216 మీ పీఎఫ్, పెన్షన్లలోకి వెళ్లదు. గ్రాట్యుటీ లెక్క (చివరి బేసిక్, డీఏలను 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి) కూడా పాత 12,000 మీదే వేస్తే, ఎనిమిదేళ్ల సర్వీసుకి తేడా సుమారు 4,150.

సీటీసీ (మీ మీద యాజమాన్యం పెట్టే మొత్తం ఖర్చు) మీద పెంచామంటే ఇంకా జాగ్రత్త. యాజమాన్యం కట్టే పీఎఫ్, ఈఎస్‌ఐ కూడా అందులో కలిపి, పెంపంతా బేసిక్‌లో వేస్తే, సీటీసీ 1,000 పెరిగినా గ్రాస్ 860 దగ్గర, చేతికి 750 దగ్గర ఆగుతుంది.

మన రాష్ట్రంలో కనీస వేతనాల మీద వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. కనీస వేతనం దగ్గర్లో జీతం ఉన్నవాళ్లకి ఆ వీడీఏ ఎలాగూ ఇచ్చి తీరాలి. దాన్నే "ఇంక్రిమెంట్" అని స్లిప్పులో చూపిస్తే అది పెంపు కాదు. లేబర్ ఆఫీసులో మీ జోన్ రేట్ల పట్టిక తీసుకుని పోల్చండి.

డబుల్ డ్యూటీ విషయం ఎవరూ పట్టించుకోరు, అక్కడే ఎక్కువ పోతోంది. ఓవర్‌టైమ్‌కి రెండింతల రేటు ఇవ్వాలని చట్టం చెబుతుంది. 12,000 బేసిక్‌నే లెక్కలోకి తీసుకున్నా గంటకి 57.70, రెండింతలు 115 పైచిలుకు, 8 గంటలకి 923 రూపాయలు. నెలలో ఒక్క డబుల్ డ్యూటీకి రావాల్సిన డబ్బు మీ నెల ఇంక్రిమెంట్ కంటే ఎక్కువ! దాని బదులు ఒక కాంప్ ఆఫ్ (బదులు సెలవు) ఇచ్చి, అదీ వాడనివ్వకుండా మురగబెడుతున్నారు. రోస్టర్ ఫొటో ఉంచుకోండి (మీ పేరున్న వరుస మాత్రమే).

నాగావళి గట్టు:
పై రెండూ సరైనవే గానీ ఒక్కరే వెళ్లి అడిగితే పని జరగదమ్మా. "నీకిస్తే అందరూ అడుగుతారు" అనే మాటకి ఒక్కరి దగ్గర జవాబుండదు. వార్డులో ఎంతమంది ఉంటే అంతమంది సంతకాలతో ఒకే ఉత్తరం ఇవ్వండి, ఒక కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకోండి. ఉత్తరంలో కష్టాల కంటే ఖర్చు రాయండి: ఏడాదిలో ఎంతమంది మానేసి వైజాగ్ వెళ్లారు, కొత్త ఐసీయూ నర్సు ఒంటరిగా వెంటిలేటర్ చూసే స్థాయికి రావడానికి ఎన్ని నెలలు పట్టింది, ఆ నెలల్లో ఒకే పనికి ఇద్దరి జీతం ఎంతయింది. విజయనగరం నుంచి వైజాగ్‌కి పొద్దున్న రైలెక్కి సాయంత్రం తిరిగి రావచ్చు. యాజమాన్యానికి ఈ సంగతి తెలుసు, లెక్క మాత్రం ఎవరూ వేసి చూపించలేదు.

కనీసం ఎంత అన్నదానికి: 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ పడకలను బట్టి చెప్పింది. 200 పడకలు దాటితే జీతం అదే గ్రేడు ప్రభుత్వ నర్సుతో సమానం. 100 దాటితే అంతకంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 కంటే తక్కువైతే నెలకి 20,000కి తగ్గకూడదు. ఇవి సిఫార్సులు, అమలు చేయాల్సింది రాష్ట్రాలు. కాబట్టి దీన్ని పట్టుకుని నేరుగా లేబర్ ఆఫీసుకి వెళ్తే తిప్పి పంపుతారు. ఉత్తరంలో మాత్రం రాయండి. ప్రైవేటులో పనిచేసే నర్సు అంత తక్కువకి బతకాలని ఎవరూ అనలేదు. లేబర్ ఆఫీసులో నిలిచేవి కనీస వేతనం, ఓవర్‌టైమ్, జీతం స్లిప్. ఈపీఎఫ్ గొడవైతే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి, దానికి ముందు ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి స్లిప్పులో కోసినంతా జమయిందో లేదో చూడాలి.

సిక్కోలు సిస్టర్:
ఇంకో రెండు. మార్కులు ఒప్పుకోకపోతే సంతకం మానేయాలా? జీతం 20,800 నుంచి 21,300 చేస్తామంటున్నారు, ఈఎస్‌ఐ పోతుందా?

వార్డు ఇన్‌చార్జి, విజయనగరం:
మానేయొద్దు. "నిరాకరించారు" అని రాసేసి అదే ఫైల్లో పెడతారు. సంతకం పక్కనే "చదివాను, 3వ, 6వ అంశాలతో ఏకీభవించడం లేదు, వివరణ జతచేశాను" అని రాసి తేదీ వేయండి. వివరణ ఒక పేజీ దాటకూడదు, అందులో మీ నెలవారీ పేజీల అంకెలే ఉండాలి. కాపీ తీసుకోకుండా గదిలోంచి రావొద్దు.

పేరోల్ లెక్కలు:
ఈఎస్‌ఐ లెక్కలోకి వచ్చే జీతం 21,000 దాటితే వెంటనే పోదు. ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అని రెండు కాలాలుంటాయి, మొదలైన కాలం పూర్తయ్యేదాకా కోత కొనసాగుతుంది. సరిగ్గా ఏప్రిల్ 1 నుంచే పెంచితే మాత్రం కొత్త కాలంలో మొదటి రోజు నుంచే మీరు బయట. 500 పెంపు కోసం, నెలకి 156 కట్టి ఇంటిల్లిపాదికీ పొందే వైద్యం పోగొట్టుకోవడం నష్టం. అలాంటప్పుడు పెంపు ఒప్పుకునే ముందే, భార్యాభర్తలకీ పిల్లలకీ గ్రూప్ ఆరోగ్య బీమా ఆసుపత్రే కట్టేలా రాతపూర్వకంగా తీసుకోండి.

నాగావళి గట్టు:
మానేసే ఆలోచన ఉన్న జీఎన్ఎం సిస్టర్లకి ఒక మాట. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల పరీక్ష నార్సెట్‌కి జీఎన్ఎం వాళ్లకి 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద పడకల సంఖ్య, పనిచేసిన వార్డు, చేరిన తేదీ, మానేసిన తేదీ రాయించుకోండి. "రెండేళ్లు సంతృప్తికరంగా పనిచేశారు" అని మాత్రమే ఉన్న కాగితం వెరిఫికేషన్‌లో ఆగిపోవచ్చు, అప్పుడు ఆ ఆసుపత్రి చుట్టూ మళ్లీ తిరగాల్సి వస్తుంది.