కర్నూలు స్టేషన్ దగ్గర భూమిలోపల బండ్ల స్టాండు: మన దగ్గర అయ్యే పనేనా?

స్టాండు రంగన్న (కర్నూలు)

అందరికీ నమస్కారం. కర్నూలు రైల్వే స్టేషన్ బయట ఒక ప్రైవేటు తావు గుత్తకు తీసుకుని బండ్ల స్టాండు నడుపుతున్నా. మూడు వందల బండ్లు పట్టాలి. ఇరికిస్తే ఇంకో నలభై పడతాయి కానీ అప్పుడు ఒక బండి తీయాలంటే ఆరు బండ్లు జరపాల. సైకిళ్లు తగ్గిపోయినాయి. ఇప్పుడు పెట్టేది పాలవాళ్లు, కాలేజీ పిల్లలు కొందరు, స్టేషన్‌లో పనిచేసేవాళ్లు. మిగతాదంతా బైకులే.

మా అల్లుడు ఒక వీడియో పంపినాడు. జపాన్‌లో ఒకామె సైకిల్ తెచ్చి గాడిలో నిలబెట్టి బటన్ నొక్కింది. తలుపు తెరుచుకుంది, సైకిల్ లోపలికి పోయింది, ఆమె బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. కింద బావిలాగా గుండ్రంగా ఉంది, గోడ చుట్టూ సైకిళ్లే సైకిళ్లు. పైన చూస్తే ఆటో నిలిపేంత గది, అంతే. నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నా తావులో అట్లాంటిది ఒకటుంటే మిగిలిన నేలంతా ఖాళీనే కదా, టీ కొట్టుకు ఇచ్చినా అద్దె వస్తుంది.

కానీ ఈ పని తెలిసినవాడిగా నాకు కొన్ని అనుమానాలు. మా పని రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున హైదరాబాద్ పోయే హంద్రీ ఎక్స్‌ప్రెస్‌కు జనం కాస్త ముందూ వెనకా వస్తారు, పర్వాలేదు. రాత్రి అదే రైలు తిరిగొచ్చి జనం దిగినప్పుడు చూడాల! వందమంది ఒక్కసారిగా చీటీలు ఊపుతూ మీద పడతారు. ఆకలి, నిద్ర, ఇంట్లోవాళ్ల ఫోన్లు. రెండు నిమిషాలు ఆలస్యమైతే మా కుర్రోడిని తిడతారు. మిషన్ ఒక్కో బండే బయటికి తీస్తుంటే వీళ్లు లైన్లో నిలబడతారా? రెండోది, బైకులు కూడా పెట్టొచ్చా? మూడోది నీళ్లు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊర్లోకి వచ్చినప్పుడు కర్నూల్లో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

చూసినవాళ్లు, కట్టినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. "అద్భుతం, టెక్నాలజీ" అని రాయొద్దు, అవి వీడియో కింద చదివినాను.

ఆదోని టు టోక్యో

రంగన్నా, నాది ఆదోని. టోక్యోలో ఎదొగావా వార్డులో ఉంటున్నా. మా దగ్గరి కసాయ్ స్టేషన్ కింద ఇలాంటిదే ఉంది, 2008లో తెరిచారు. మీరు చూసింది బహుశా గికెన్ అనే కంపెనీది అయ్యుంటుంది. వాళ్లది కొచ్చి అనే ఊరు, మన కొచ్చి కాదు, జపాన్‌లోదే. వాళ్ల బావి ఒక్కోదాంట్లో 204 సైకిళ్లు పడతాయి, సైకిల్ బయటికి రావడానికి సగటున 13 సెకన్లు అని చెబుతారు. కసాయ్‌లోది వేరే కంపెనీ కట్టింది. అక్కడ ఒక్కో టవర్లో (అవీ భూమిలోపలి బావుల్లాంటివే) 180, అలాంటివి 36 ఉన్నాయి. అంటే మిషన్లలోనే 6480 సైకిళ్లు. అవి కాక మామూలు ర్యాకులు కూడా ఉన్నాయి, అన్నీ కలిపితే 9400.

సైకిల్ ముందు చిన్న ట్యాగ్ బిగిస్తారు, మన చేతిలో కార్డు ఉంటుంది. కార్డు చూపిస్తే ఆ ట్యాగ్ ఉన్న సైకిల్‌నే మిషన్ వెతికి తెస్తుంది. మొదట్లో నెలకు 1800 యెన్లు తీసుకునేవారు.

మీ రాత్రి రద్దీ లెక్క ఇక్కడే ఉంది. కసాయ్‌లో ఒక సైకిల్ రావడానికి ఇరవై సెకన్ల పైనే పడుతుంది. ఒకే టవర్ అయితే వందమందికి అరగంట దాటుతుంది. 36 టవర్లు ఒకేసారి తిరిగితే ఒక్క నిమిషంలో ఎనభై, తొంభై సైకిళ్లు బయటికొస్తాయి. అందుకే నడుస్తోంది. ఒకటే బావి తవ్వితే మీ కుర్రోడే నయం.

ఇంకొకటి వీడియోల్లో చూపించరు. 1970ల్లో, 80ల్లో ఇక్కడ స్టేషన్ల చుట్టూ సైకిళ్లు గుట్టలుగా పడి ఉండేవట. 1981లో లెక్కేస్తే దేశమంతా కలిపి దాదాపు 9.9 లక్షలు. 1980లో చట్టం తెచ్చి, మున్సిపాలిటీలు వాటిని లారీల్లో ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ స్టేషన్ ముందు సైకిల్ వదిలితే మొదట హెచ్చరిక చీటీ కడతారు, తర్వాత ఎత్తుకుపోతారు, విడిపించుకోవాలంటే ఊరవతల యార్డుకు పోయి వేల యెన్లు కట్టాలి. ఆ భయం లేకపోతే నెలనెలా డబ్బు కట్టి భూమిలో ఎవరు పెడతారన్నా?

గాయత్రి ఎస్టేట్ అక్క

ఆ చివరి మాటే కర్నూలుకు కావాల్సింది. మా వీధిలో ఆస్పత్రుల ముందు రోడ్డు మీద రెండు వరసలు బండ్లు, మూడో వరసలో ఆటోలు. అంబులెన్సు వస్తే అందరూ హారన్ కొడతారు కానీ ఒక్కరూ బండి తీయరు. ఒక ఆస్పత్రి సెల్లార్ పార్కింగులో మందుల షాపు పెట్టుకున్నారు. ముందు అది ఖాళీ చేయించండి, బావులు తర్వాత తవ్వుకోవచ్చు.

పునాది పనుల సుబ్బారెడ్డి

పైలింగు (పునాదుల కోసం నేలలోకి స్తంభాలు, ఉక్కు షీట్లు దించడం) పనుల్లో చాలా ఏళ్లున్నాను, ఇప్పుడు కడపలో ఇంటిపట్టునే. రంగన్న అడిగిన రెండో, మూడో ప్రశ్నలకు చెబుతా.

ఆ గికెన్ వాళ్ల అసలు గొప్పతనం సైకిల్ మిషన్ కాదు, పైలింగే. సుత్తితో కొట్టకుండా, ముందే దిగిన ఉక్కు షీట్లను పట్టుకుని, ఆ పట్టుతోనే పక్క షీటును నేలలోకి నొక్కుతారు. చప్పుడు, అదురు లేకుండా ఇరుకు సందుల్లో పని అయిపోతుంది. ఆ ఉక్కు గోడ మధ్యలో మట్టి తీసి, అడుగున కాంక్రీటు వేస్తే బావి తయారు. మెత్తటి నేలలో ఇది హాయి. మన దగ్గర రొంత తవ్వితే రాయి తగిలే తావులు జాస్తి. రాయిని దొలుస్తూ నొక్కే పద్ధతీ ఉంది కానీ ఖర్చు ఎక్కడికో పోతుంది. ముందు బోరు వేసి నేల చూడందే ఎవరేం చెప్పినా గాలిమాటే.

నీళ్ల సంగతి. పైనుంచి రాకుండా గడప ఎత్తు పెంచుకోవచ్చు. అయినా 2009లో పాతబస్తీలో మొదటి అంతస్తు దాకా వచ్చిన నీళ్లకు ఏ గడప ఆగుతుంది? దాని కన్నా కింద నుంచి వచ్చేది ఎవరూ ఆలోచించరు. బావి ఎనిమిది మీటర్ల వెడల్పు, పన్నెండు మీటర్ల లోతు అనుకోండి. ఘనపరిమాణం 600 ఘనపు మీటర్లు. భూగర్భజలం పైదాకా వచ్చిందంటే 600 టన్నుల బలం దాన్ని పైకి తోస్తుంది. ఖాళీ బిందెను నీళ్లలో ముంచి పట్టుకుని చూడండి, అదే. లోపల 204 సైకిళ్లు నింపినా మూడు, నాలుగు టన్నులే. కాబట్టి ఆపాల్సింది అడుగు కాంక్రీటు బరువూ, గోడ పట్టూ. డిజైన్‌లో ఇది చూడకపోతే వరద తర్వాత స్టాండు వంకరగా పైకి లేస్తుంది.

బైకులంటారా, వద్దు. స్ప్లెండర్ బరువే 112 కిలోలు, సైకిల్ ఇరవై లోపు. లిఫ్టు, పట్టే చేయి, అరలు అన్నీ మార్చాలి. అది డబ్బుతో అయ్యే పనే అనుకున్నా పెట్రోలు ఉంది కదా. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కారితే నేరుగా బావి అడుక్కే చేరుతుంది. అక్కడే మోటార్లు, వైర్లు. గాలి లాగే ఏర్పాటు, వాసన పసిగట్టే సెన్సర్లు లేకుండా నేనైతే సంతకం పెట్టను.

రైలు రాజు

నాకు తెలిసి అన్నిటికన్నా పెద్ద సైకిల్ పార్కింగు నెదర్లాండ్స్‌లో యుట్రెక్ట్ స్టేషన్ కింద ఉంది, 12,500 సైకిళ్లు, 2019కి మొత్తం పూర్తయింది. దాంట్లో రోబో లేదు. ర్యాంపు మీద తొక్కుకుంటూ లోపలికి పోతారు, ఖాళీ ఎక్కడుందో బోర్డులు చూపిస్తాయి, రెండంతస్తుల ర్యాకులో పెట్టి ప్లాట్‌ఫారం ఎక్కేస్తారు. మొదటి 24 గంటలు ఉచితం. రద్దీ సమయంలో ఎవరి సైకిల్ వాళ్లే తీసుకుంటారు కాబట్టి లైనే ఉండదు.

స్టాండు రంగన్న (కర్నూలు)

సుబ్బారెడ్డి సార్, 600 టన్నుల లెక్క మా అల్లుడికి చదివి వినిపించినా. ఇంక వీడియోలు పంపడు.

బావి ఆశ వదిలేసినా. మిషన్ ఒక బండి తెచ్చే లోపల మా కుర్రోడు రెండు తీస్తాడు, కరెంటు పోయినా తీస్తాడు. కాకపోతే వానకు తడవకుండా, దొంగ చేతికి చిక్కకుండా ఉంచడంలో మిషనే గొప్ప, అది ఒప్పుకోవాల. పోయిన వానాకాలం ఒకాయన సీటు తడిసిందని డబ్బులివ్వకుండా పోయినాడు.

రాజు అన్న మాట మాత్రం పనికొచ్చేలా ఉంది. సైకిళ్ల మూలను రెండంతస్తులు చేసి రేకు వేస్తే, ఆ మిగిలిన నేలలో రాత్రి హంద్రీకి దిగేవాళ్ల బైకులన్నీ గేటు పక్కనే పెట్టొచ్చు. చీటీ ఇచ్చేటప్పుడే "ఏ రైలుకు తిరిగొస్తారు సార్" అని అడిగితే చాలు, రంగు చీటీ కట్టేస్తాం. వెల్డింగు చేసేవాడు మా వీధిలోనే ఉన్నాడు.

టోక్యో తమ్ముడూ, ఒక్క సాయం. ఆ రెండంతస్తుల ర్యాకులో పై పట్టీ కిందికి దించి సైకిల్ ఎక్కించి మళ్లీ ఎత్తాలి కదా, దానికి స్ప్రింగు ఏమన్నా ఉంటుందా, చేత్తోనే ఎత్తాలా? పాలక్యాన్ల సైకిల్ నడుపుకొచ్చే పెద్దాయనలు ఉన్నారు నా దగ్గర, వాళ్ల చేత బరువు ఎత్తించలేను.

ఆదోని టు టోక్యో

మా ఆఫీసు దగ్గరి ర్యాకుకు స్ప్రింగు ఉందన్నా, సైకిల్ ఎక్కించాక కాస్త తోస్తే అదే లేస్తుంది. అయినా పెద్దవాళ్లంతా కింద వరసే వాడతారు, పై వరస కుర్రాళ్లకే. ఆదివారం పోయి పట్టీ కింద, కీలు దగ్గర ఫోటోలు తీసి పెడతా, టేపు పెట్టి కొలతలు కూడా.