50 శాతం సుంకం ముందు పీవీ అయితే ఏం చేసేవారు?

పాత కార్యకర్త, బరంపురం:
1996 లోక్‌సభ ఎన్నికల్లో పీవీ గారు నంద్యాలలోనూ ఒడిశాలోని మన బరంపురంలోనూ పోటీ చేసి రెండుచోట్లా గెలిచారు, నంద్యాల వదులుకుని మన సీటే ఉంచుకున్నారు. ఆ ఎన్నికల్లో గోడల మీద రాతలు రాసినవాణ్ణి, ఇల్లిల్లూ తిరిగినవాణ్ణి. ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతం అయినప్పటి నుంచి టీకొట్టు దగ్గరా టీవీలోనూ ఒకటే మాట వింటున్నాను: బయటివాడితో పోట్లాడేటప్పుడు లోపల గొడవ ఉండకూడదు, ప్రతిపక్షం నోరు మూసుకోవాలి అని.

నేను ఒప్పుకోను. పీవీది మైనారిటీ ప్రభుత్వం. 1993 జూలైలో అవిశ్వాసం నుంచి 265–251తో, అంటే 14 ఓట్లతో గట్టెక్కింది (ఆ ఓట్లలో కొన్ని ఎలా వచ్చాయన్నది కోర్టుల దాకా వెళ్ళింది, దాన్ని నేను సమర్థించను). ఆ రోజుల్లోనే మందుల పేటెంట్ల (కనిపెట్టిన కంపెనీ తప్ప వేరేవాళ్ళు తయారుచేయకుండా ఇచ్చే హక్కుల) కోసం అమెరికా మన మెడ మీద కూర్చుంది, 1992లో మన మందులకిచ్చే సుంకం రాయితీ కూడా ఆపేసింది. 1994 ఏప్రిల్‌లో మరకేష్‌లో ప్రపంచ వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టక తప్పలేదు, కానీ మందుల పేటెంట్లకు 2005 దాకా గడువు మిగిలింది. ఆ గడువు లోపలే కదా 2001లో మన మందుల కంపెనీ సిప్లా ఎయిడ్స్ మందుల్ని రోజుకు డాలరు లోపు ధరకే ఇస్తానంది. “మా పార్లమెంటు ఒప్పుకోదు” అనగలిగినవాడికి బేరంలో బలం ఉంటుంది. పీవీ అయితే ఇప్పుడూ గడువే కొనేవారు.

ఛత్రపురం చెరువు:
బాబాయ్, మీరు చెప్పింది చదివాను. నాది నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు. మేత కొట్టులో బాకీ, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకు కరెంటు బిల్లు, ఏజెంటేమో రేటు చెప్పకుండా “చూద్దాం” అంటున్నాడు. మన రొయ్య మీద అమెరికా యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది) 2005 నుంచే ఉంది, దాని పైన ఈ 50. ఈక్వెడార్ వాడికి 15. రైతులు, పాడి, మత్స్యకారుల విషయంలో రాజీపడేది లేదని ప్రధాని ఆగస్టులో అన్నప్పుడు నేను సంతోషించాను, ఇప్పటికీ అది సరైన మాటే అంటాను. రాజీ పడనందుకు అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? పీవీకి పదేళ్ళు దొరికాయేమో, రొయ్యకు నాలుగు నెలలే.

గుణుపురం పత్తి రైతు:
ఆ ఖర్చు మాకూ పడింది అన్నా. పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం ఆగస్టు 19 నుంచి ఎత్తేశారు. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, పది రోజులు తిరక్కుండానే డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మేం పత్తి తీసి అమ్ముకునే నెలలు. బట్టల మిల్లులకు అమెరికా దెబ్బ తగిలింది కాబట్టి వాళ్ళకు దూది చవగ్గా దొరకాలి, అది నాకూ అర్థమవుతుంది. కానీ ఒక్క నోటిఫికేషన్‌తో అయిపోయింది. రాయగడ జిల్లాలో పత్తి వేసినవాణ్ణి ఒక్కణ్ణైనా అడిగారా?

పర్లాకిమిడి మాస్టారు:
కార్యకర్త గారూ, మీ అభిమానం నాకు తెలుసు, కానీ చరిత్ర తిరగేసి చెప్పారు. పేటెంట్ల చట్టం మార్చడానికి 1994 డిసెంబరు 31న ఆర్డినెన్సు తెచ్చింది పీవీ ప్రభుత్వమే. లోక్‌సభలో బిల్లు గట్టెక్కింది, రాజ్యసభలో బలం చాలక ఆగిపోయింది. ఆపినవాళ్ళు ప్రతిపక్షం వాళ్ళు. పదేళ్ళ గడువు కూడా ఆ ఒప్పందంలో మనలాంటి దేశాలకు రాసి ఉన్నదే, పీవీ ఒక్కరే సాధించింది కాదు. 1991లో 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టుకున్న దేశం బేరమాడిందని నేను అనలేను, తలవంచి కాస్త ఊపిరి తీసుకుందంతే.

పాత కార్యకర్త, బరంపురం:
మాస్టారూ, ఆర్డినెన్సు సంగతి నిజం, నేను దాటవేశాను. అభిమానం అడ్డొచ్చింది. ఆపినవాళ్ళకే ఆ పేరు దక్కాలి. అయితే నేను మొదట అన్నదీ అదే కదా, లోపల అడ్డుపడేవాళ్ళు ఉండబట్టే ఆ చట్టం తొందరపడి మారలేదు. గుణుపురం తమ్ముడు చెప్పిన పత్తి సంగతి చూడండి, అడ్డు చెప్పేవాడు లేకపోతే ఎంత సులువుగా అయిపోయిందో. పీవీ ఏం చేసేవారన్న ప్రశ్న నేను వెనక్కి తీసుకుంటాను.

చెరువు తమ్ముడూ, నీ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మేత అప్పుల వాయిదా, మన రొయ్య మన ఊళ్ళలోనే అమ్ముడుపోయేలా కోల్డ్ స్టోరేజీ, ఈ రెండూ రాసి మన ఎంపీకి ఇద్దాం. నువ్వూ సంతకం పెట్టు, మాస్టారు కూడా పెట్టాలి.

ఛత్రపురం చెరువు:
పెడతాను బాబాయ్. కాకపోతే నేను ఆగలేను, ఎల్లుండే రొయ్యల పట్టుబడి. ఇంకో నెల ఉంచితే 50 కౌంట్‌కి (కిలోకు 50 రొయ్యలు తూగే సైజుకి) వచ్చేది, మేత కొనలేక 90కే తీసేస్తున్నాను. కాగితం రాశాక ఇక్కడే పెట్టండి, మా కాలవ పక్క చెరువుల వాళ్ళందరి చేతా సంతకాలు పెట్టిస్తాను.