పని రోజుల్లో వయొలిన్ సాధనకు చోటెక్కడ?

అందరికీ నమస్కారం.

ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి రెండు నెలలైంది. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, వదిలిపెట్టే ఉద్దేశం లేదు. కానీ అపార్ట్‌మెంట్ గోడలు మరీ పల్చన. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి పెట్టె తెరిస్తే పది నిమిషాల్లో పక్కింటివాళ్లు గోడ తడుతున్నారు. శనాదివారాల్లో మాత్రమే వాయిస్తుంటే కమాను (తీగల మీద రాసే కర్ర) పట్టే చెయ్యి బిగుసుకుపోతోంది. మధ్యాహ్నం ఆఫీసులో గంట విరామం ఉంది. ఆ గంటలో వాయించుకోవడానికి చోటెక్కడైనా దొరుకుతుందా? ఎవరిని అడగాలి? అడిగితే ఏమనుకుంటారోనని టెన్షన్‌గా కూడా ఉంది.

* * *

చెల్లెమ్మా, మీ ఉత్తరం చదివితే నేను కొత్తగా వచ్చిన ఏడాది గుర్తొచ్చింది. అప్పుడు ఎనిమిది నెలలపాటు నా ఫిడేలు పెట్టె మంచం కిందే ఉండిపోయింది. చోటు లేదని నాకు నేను చెప్పుకున్నాను. చోట్లు ఉన్నాయి, నేనే నోరు తెరిచి అడగలేదు. మళ్లీ పట్టుకున్నాక గమకాలు (స్వరాలను ఊపి పలికించే తీరు) దారికి రావడానికి ఎంత కాలం పట్టిందో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

చోటు వెతికే ముందు మీ సాధనను రెండుగా విడదీయండి: మోత ఉండేది, మోత లేనిది. కొత్త కీర్తన కంఠతా పట్టడం, స్వరం రాసుకోవడం, చేత్తో తాళం వేస్తూ లోపల పాడుకోవడం, కమాను లేకుండా ఎడమచేతి వేళ్లు తీగల మీద నడిపించడం, ఇవన్నీ రాత్రి ఇంట్లోనే చేసుకోవచ్చు, చీమకు కూడా వినిపించదు. ఇక మిగిలేది కమాను పని. మీరు చోటు వెతకాల్సింది దానికొక్కదానికే. దానికి రోజూ గంటలు గంటలు అక్కర్లేదు.

గంట విరామంలో వెళ్లడానికి పది నిమిషాలు, రావడానికి పది, శ్రుతి చేసుకుని సర్దుకోవడానికి మరో పది. చేతిలో మిగిలేది అరగంట. కాబట్టి ఆఫీసు నుంచి పది నిమిషాల నడక దాటిన చోటు ఎంత బాగున్నా వదిలేయండి, నాలుగో రోజుకే మానేస్తారు. ఆ అరగంటను నేనిలా వాడతాను: ఐదు నిమిషాలు షడ్జం, అంటే 'స' స్వరం మీద నిడుపుగా కమాను లాగడం, పది నిమిషాలు జంట వరసలో అలంకారాలో (మొదట నేర్చే స్వర పాఠాలు) మూడు వేగాల్లో, చివరి పావుగంట వర్ణం అనే పెద్ద అభ్యాస రచనలో తడబడే ఒక్క పంక్తి. మొత్తం వర్ణం వాయించాలన్న కోరికను వారాంతానికి దాచుకోవాలి.

ఇక చోట్ల సంగతి. పిల్లలకు బడి అయ్యాక పాఠాలు చెప్పే చోట్లన్నీ మధ్యాహ్నం ఖాళీ. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే సగం వెతుకులాట తగ్గిపోతుంది. సంగీత వాయిద్యాల దుకాణాల వెనక ఉండే పాఠం గదులు, డాన్స్ స్కూళ్లు, కమ్యూనిటీ సెంటర్లు, అన్నీ సాయంత్రమే నిండుతాయి. నా ఓటు డాన్స్ స్కూలుకే. మనం కింద కూర్చుని, ఫిడేలు తల, అంటే తీగలు బిగించే కొన, కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం కదా, కుర్చీలతో నిండిన గదిలో ఇబ్బంది. డాన్స్ గదిలో శుభ్రమైన చెక్క నేల ఉంటుంది, ఒక మడత చాప తీసుకెళ్తే చాలు. పైగా గోడంతా అద్దం. కమాను బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్కకు) సమాంతరంగా వెళ్తోందా, వేళ్ల బోర్డు వైపు జారుతోందా అన్నది మీ కళ్లతో మీరే చూసుకోవచ్చు. పక్కన గురువు లేని మనకు అది చాలా పెద్ద సాయం.

చర్చిలు కూడా వారం మధ్యలో ఖాళీగానే ఉంటాయి. పెద్ద హాలు కాదు, ఆదివారం పిల్లల తరగతులు జరిగే చిన్న గది అడగండి. వేరే మతం వాళ్లమని వెనకాడకండి. అక్కడ ఆర్గన్ వాయించేవాళ్లను ముందు కలిస్తే ఇంకా మంచిది, సాధనకు చోటు దొరక్కపోతే ఎంత కష్టమో వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. యూనివర్సిటీ సంగీత విభాగాల్లో సాధన గదులు వరసగా ఉంటాయి కానీ చాలా చోట్ల విద్యార్థులకే. ఏదైనా సాయంత్రం కోర్సులో చేరితే తలుపు తెరుచుకోవచ్చు. కొన్ని పబ్లిక్ లైబ్రరీల్లోనూ సంగీతం గదులుంటాయి, కౌంటర్లో ఒక్క మాట అడిగి చూడండి.

ఆఫీసులోనే అంటే, మేనేజర్‌ను కాదు, భవనం చూసుకునేవాళ్లను అడగండి. ఏ గది ఎప్పుడు ఖాళీయో, ఏ గోడ అవతల ఎవరూ కూర్చోరో వాళ్లకే తెలుసు. గాజు గోడల మీటింగ్ రూము వద్దు. మెట్ల దారి అసలే వద్దు, అక్కడ వాయిస్తే అన్ని అంతస్తులకూ వినిపిస్తుంది. పసిపిల్లల తల్లులకు కేటాయించిన గది ఖాళీగా కనిపించినా దాని జోలికి వెళ్లకండి, అది వాళ్ల హక్కు.

అడిగేటప్పుడు 'మీ దగ్గర చోటుందా' అని అడిగితే లేదనే జవాబే వస్తుంది. 'మంగళ, గురువారాల్లో పన్నెండుంపావు నుంచి ముప్పావు దాకా, నేనొక్కదాన్నే, మైకు లేకుండా, నెల రోజులు చూసి మీకు నచ్చకపోతే ఆపేస్తాను' అనండి. అవుననడం వాళ్లకు తేలిక. అద్దె ఇస్తానని మీరే ముందు చెప్పండి. ఇక, ఏమనుకుంటారోనన్న భయం. నేను నాలుగు చోట్ల అడిగాను, మూడు చోట్ల కుదరదన్నారు, ఒక్కరు కూడా నవ్వలేదు.

* * *

అక్కయ్య చెప్పినవాటికి రెండు మాటలు కలుపుతాను. నాది మృదంగం.

రాక్ బ్యాండ్లకు గంటల లెక్కన అద్దెకిచ్చే రిహార్సల్ గదులు పగలు ఖాళీగా ఉంటాయి, వాటినీ చూడండి. కానీ చిన్న గదిలో చెవులు జాగ్రత్త. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు ఉండొచ్చన్నది ఒక ప్రమాణం, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, అంటే 94 దగ్గరికి వచ్చేసరికి ఒక గంటే. ఫిడేలు ఎడమ చెవి కిందే ఉంటుంది కాబట్టి వాద్యకారుల కోసం చేసే ఇయర్ ప్లగ్స్ కొనుక్కోండి.

ఇంట్లో గోడకు నురుగు పలకలు అంటిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అవి గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి కానీ పక్కింటికి వెళ్లే మోతను ఆపవు. నేనూ గది నిండా అంటించి మోసపోయాను. మీకు రబ్బరు మ్యూట్ నయం. బ్రిడ్జికి తొడిగితే ఆ బరువుకు కంపనం తగ్గిపోతుంది. లోహపు మ్యూట్ ఇంకా బాగా అణుస్తుంది గానీ జారిపడితే పైపలక గీరుకుపోతుంది. రోజూ మ్యూట్‌తోనే వాయించకండి, వినపడటం లేదని కమాను అదిమే అలవాటు పడుతుంది.

* * *

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. ఆఫీసు వెనక సందులో ఒక డాన్స్ స్కూలుంది, రేపే వెళ్తాను. అది కుదరకపోతే పార్కులో వాయించవచ్చా? పొద్దున తెచ్చిన ఫిడేలును మధ్యాహ్నం దాకా కారులో ఉంచితే ఫరవాలేదా?

* * *

కారులో మాత్రం వద్దమ్మా. ఎండలో మూసిన కారు లోపల గంటలో 20 డిగ్రీలకు పైగా వేడి పెరుగుతుంది. ఫిడేలు అతుకులకు వాడేది జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు, వేడికి మెత్తబడుతుంది. మీ డెస్కు కిందే పెట్టుకోండి.

ఆరుబయట సాధన చేసిన గొప్పవాళ్లున్నారు. సాక్సొఫోన్ విద్వాంసుడు సోనీ రోలిన్స్ 1959 నుంచి 1961 దాకా కచేరీలు ఆపేసి, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా న్యూయార్క్‌లో విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికెళ్లి వాయించేవాడు. సాక్సొఫోన్‌కది చెల్లింది. మన ఫిడేలు శబ్దం బయట గాలిలో కలిసిపోతుంది, తిరిగి చెవికి రాదు, తెలియకుండానే కమాను అదిమేస్తాం. వాతావరణం బాగున్న రోజున, గోడ ఉన్న మూల చూసుకుని, ఎప్పుడో ఒకసారి చాలు.

చలికాలంలో మరో సంగతి. హీటర్ గాలికి గది పొడిబారి, చెక్క కుంచించుకుపోయి, తీగలు బిగించే బిరడాలు జారిపోతాయి. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే వాద్యానికి క్షేమం, పెట్టెలో చిన్న తేమమీటరు పెట్టుకోండి. బయటి చలిలోంచి గదిలోకి రాగానే పెట్టె తెరవకండి, పావుగంట అలాగే ఉంచి అప్పుడు తీయండి. ఆ పావుగంట మీ అరగంటలోంచి పోకుండా, చలిరోజుల్లో ఫిడేలును పొద్దున్నే ఆ గదిలో పెట్టి వెళ్లవచ్చేమో డాన్స్ స్కూలువాళ్లను రేపే అడిగేయండి.