పడవ సీటు కింద ఫోమ్ నీళ్లు తాగింది, ఎండబెట్టాల్నా తీసేయాల్నా?

ప్రశ్న:
గండికోట రిజర్వాయర్లో తిప్పే 14 అడుగుల ఫైబర్ తెరచాప పడవ. రెండు పక్కలా సీట్ల కింది పెట్టెల్లో, పడవ మునిగినా తేలేందుకు పోసిన ఫోమ్ నీళ్లు పీల్చింది. స్క్రూ రంధ్రంలోంచి మూడు రోజులుగా చెమ్మ కారుతోంది, పడవ ఎడమకు ఒరుగుతోంది. బాడీ 120 కేజీలు, అల్యూమినియం మాస్టు (తెరచాప స్తంభం) 10, ఇనుప సెంటర్‌బోర్డు (అడుగున నీళ్లలోకి దించే పలక) 15. ఫోమ్ తీసేస్తే థర్మాకోల్ నింపొచ్చా?

జవాబు 1:
ముందు తూకం వేయండి. నాలుగంగుళాల ఘనం ముక్క కోస్తే దాదాపు లీటరు. పొడి పియూ (పాలియురేథేన్) ఫోమ్ అయితే 30–40 గ్రాములు తూగాలి. 200 దాటిందంటే కడప మే ఎండ కూడా దాన్ని ఆరబెట్టలేదు, తీసేయండి. సీటు పైతట్టును చుట్టూ రెండంగుళాల అంచు వదిలి కోయండి. మళ్లీ మూత కూర్చునేది ఆ అంచు మీదే. ఫోమును పొడవాటి కత్తితో ముక్కలు చేసి, అడుగు పొరను మొద్దు ఉలితో గీకండి. గ్రైండర్ పెడితే ఫైబర్ మ్యాట్ లేచిపోతుంది.

జవాబు 2:
థర్మాకోల్ వద్దన్నా. ఫైబర్ అతికించే పాలియెస్టర్ రెజిన్లోని స్టైరీన్ తగిలితే కరిగిపోతుంది, పెట్రోలు తగిలినా అంతే. సీటు మూత ఎపాక్సీ జిగురుతో అతికిస్తేనే దాని గురించి ఆలోచించాలి. రెండు డబ్బాలు కలిపి పోసే ఫోమ్ కూడా ఒకేసారి కుమ్మరించొద్దు. లోపల వేడెక్కుతుంది, ఆ ఒత్తిడికి బాడీ పక్కకు ఉబ్బుతుంది. కొంచెం కొంచెంగా, గాలి ఆడే చోట, మాస్కు పెట్టుకుని పోయాలి.

జవాబు 3:
ఫోమ్ బదులు మూత బిగించిన ఖాళీ సీసాలు పెట్టొచ్చు. మునిగినా పడవ తేలాలంటే ఎన్ని కావాలో లెక్క చూద్దాం. ఫైబర్ నీళ్లలో సుమారు మూడో వంతే తూగుతుంది: 40 కేజీలు. మాస్టు 6, సెంటర్‌బోర్డు 13, మునిగిన పడవను పట్టుకుని వేలాడే ఇద్దరికి 40. మొత్తం దాదాపు వంద కేజీలు. దాని మీద సగం అదనం వేసుకుంటే, కేజీకి లీటరు చొప్పున 150 లీటర్లు, అంటే 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు 75. పక్కకు 38 పెట్టండి. సందులు పోతాయి కాబట్టి ఒక్కో పెట్టె 110 లీటర్లయినా ఉండాలి. సీసా మూతలు తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు బిగించండి. మధ్యాహ్నం వేడిగాలితో బిగిస్తే నీళ్లలో పడగానే సీసా సొట్టపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
సీసాలు అడుగున పేర్చాల్నా?

జవాబు 3:
లేదు, పైకి, సీటు తట్టుకు ఆనించి, పట్టీలతో కట్టండి. తేలిక సీసాలు అడుగున ఉంటే నీళ్లు నిండిన పడవ బోర్లాపడుతుంది. పెట్టె వెనక మూల అడుగున డ్రెయిన్ ప్లగ్ పెట్టి, పడవ ఒడ్డెక్కిన ప్రతిసారీ తీసి ఉంచండి. సీటు మూతను అతికించకుండా రబ్బరు వేసి స్క్రూలతో బిగిస్తే ఏటా తెరిచి చూడొచ్చు. చివరగా నడుం లోతు నీళ్లలో కావాలని ముంచి, పావుగంట అంచులు సమంగా తేలుతున్నాయో చూడండి.